పౌడరు అద్దిన చేతులు

రండర్రా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఒకావిడ చేతుల కథ చెబుతాను, మధ్యలో లేవకూడదు మరి.

ప్రెస్సు వెనక కుళాయి దగ్గర ఆవిడ చేతులు కడుక్కోవడం అది ఆరోసారి. కడిగి, తువ్వాలుకి తుడుచుకుని, వెలుతురుకి పెట్టి చూసుకుంటే అరచేతుల నిండా మళ్ళీ సన్నగా చెమట పుట్టుకొస్తోంది.

"వదినా, ఆ కుళాయి అరిగిపోతుందేమో చూడు," అంది పక్కనున్న ఆడపడుచు.

"నీకేమమ్మా, పొడి చేతులు నీవి. నా చేతులు పిండితే చెంబుడు నీళ్ళొస్తాయి."

ఉన్నమాటే. చిన్నప్పుడు పరీక్ష రాస్తే కాగితం చిరిగేది. నిన్నటికి నిన్న ఎవరో చెప్పారని చిక్కటి టీ డికాక్షన్‌లో అరగంట చేతులు ముంచుకుని కూర్చుంది. చేతులు మట్టిరంగు తిరిగాయి గానీ చెమట మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

ఇది మూడో ఇంటర్వ్యూ. మొదటాయన షేక్‌హ్యాండ్ ఇచ్చి, వెంటనే చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆవిడ చూస్తుండగానే! రెండో ఆయన ఆ తడి చెయ్యి ముట్టుకుని, "ఆలోచించి చెబుతా" అన్నాడు, మళ్ళీ అజాపజా లేడు. ఇవాళ ఈయన కూడా కాదంటే ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. భర్త పోయి ఆరు నెలలు, చదువుకునే పిల్లలు ఇద్దరు.

"పెద్దాయన వచ్చేశాడు వదినా, ముందుగదిలో ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళు మిషన్ల మధ్యే బతికిన మనిషట. మాట కటువుట. ఏదీ, చెయ్యి పట్టు."

ఆడపడుచు సంచిలోంచి పౌడరు డబ్బా తీసి రెండు అరచేతులకీ దట్టంగా అద్దేసింది. తెల్లగా, పొడిగా అయిపోయాయి చేతులు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ముందుగదిలో పెద్దాయన మిషన్ మీదకి వంగి, రోలరుకి వేలు రాసి చూసుకుంటున్నాడు. ఆవిణ్ణి చూసి తల పంకించాడు. చెయ్యి మాత్రం చాపలేదు. అమ్మయ్య అనుకుంది.

"కూర్చోండమ్మా, నిలబడి మాట్లాడితే నాకు తోచదు." ఇద్దరూ కూర్చున్నారు. "ఈ పని తెలుసా మీకు?"

"మా వారు చేసేవారండీ. నేను ప్రూఫులు దిద్దేదాన్ని, కట్టలు కట్టేదాన్ని."

"మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతే?"

"తెలిసినట్టు నటించను. తెలిసినవాళ్ళని అడుగుతాను."

"సాయంత్రానికల్లా రెండువేల కరపత్రాలు కావాలని ఆర్డరిచ్చిన పార్టీ వచ్చి గుమ్మంలో కూర్చుంటే?"

"కుదిరితే కుదురుతుందంటాను, లేకపోతే లేదంటాను. అరిచినా సరే, అలుక్కుపోయిన ప్రింటు ఇచ్చి పంపించను."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. బల్ల కింద ఆవిడ చేతుల్లో పౌడరు మెల్లగా ముద్దవుతోంది.

"సరే. నేను మిషన్ దగ్గరుంటే కాగితం అందించేది మీరే కదా. అదిగో ఆ నల్ల అట్టల కట్టలోంచి పది తియ్యండి, చూస్తాను."

ఆవిడకి పైప్రాణాలు పైనే పోయాయి. తియ్యకపోతే తప్పు, తీస్తే ముప్పు. లేచి వెళ్ళి, ఒకటీ రెండూ మూడూ అని తీసి తెచ్చిచ్చింది.

పెద్దాయన పై అట్ట కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. నల్లటి అట్ట మీద బొటనవేలి ముద్ర తెల్లగా, గీతలతో సహా కనబడుతోంది.

"ఏమిటిది?"

"పౌడరండీ."

"పౌడరా! చేతికి పౌడరు రాసుకుని ప్రెస్సులోకి వస్తారా ఎవరైనా? ఇంకులో పడిందంటే ప్రింటంతా మశూచి పోసినట్టు చుక్కలే! ఎవరిచ్చారీ సలహా?"

తలుపు వెనక ఆడపడుచు డబ్బాని కొంగు చాటుకి లాక్కుంది.

'నేను కాదు' అనొచ్చు, 'అట్టకి ముందే ఉంది' అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది. రెండు చేతులూ తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టింది.

"ఎవరో కాదండీ, తప్పు నాదే. నాకు పుట్టినప్పట్నుంచీ చేతులకి చెమట. ఇద్దరు పెద్దమనుషులు ఈ చేతులు చూసే మొహం తిప్పుకున్నారు. మీరూ అలాగే వెళ్ళిపోతారేమోనని దాచాను. ఇవండీ నా చేతులు. కాదంటే ఇప్పుడే చెప్పెయ్యండి, ఎదురుచూసే ఓపిక లేదు."

పెద్దాయన ఆ చేతుల వంక చూశాడు.

"ముందు కడుక్కురండి."

ఏడోసారి కడుక్కొచ్చింది. పెద్దాయన లేచి నిలబడి చెయ్యి చాపాడు. ఆవిడా చెయ్యి ఇచ్చింది. గట్టిగా పట్టుకుని ఊపాడు. వదిలాక ఆ చేత్తోనే కళ్ళజోడు సర్దుకున్నాడు, తుడుచుకోలేదు.

"చెమటదేముందమ్మా, గుడ్డ ముక్క ఒకటి పక్కన పెట్టుకుంటే సరి. తప్పు చేసి మిషన్ మీదకి, పక్కవాడి మీదకి తోసేసేవాళ్ళని బోలెడుమందిని చూశాను. వాళ్ళతో నాకు పొసగదు. మీతో పొసగుతుంది. రేపు ఎనిమిదింటికి పని మొదలెడదాం. ఆలస్యం నాకు గిట్టదు."

"ఏడున్నరకే ఉంటానండీ!"

తలుపు వెనక పౌడరు డబ్బా ఠంగుమని కింద పడింది.

అదర్రా సంగతి. గుర్తుంచుకుని మీరూ నలుగురికీ చెప్పండి, కానీ ఈ ఒక్క ముక్క మాత్రం నాలాగే చివరిదాకా బిగబట్టండి.

పని కోసం వచ్చింది ఆ పెద్దాయన, ఆ ప్రెస్సు ఓనరు ఆవిడే.