పదిహేడో పెట్టె

కరెంటులో ప్రతి వాట్‌కూ లెక్క చూస్తుందని ల్యాబులో అందరూ ఆమెను పిసినారి అంటారు. ఇళ్ళకు ఇంటర్నెట్ మోసే ఫైబర్ లైన్లలో కరెంటు ఎలా ఆదా చెయ్యాలన్నదే ఆమె పరిశోధన. బల్ల మీద కేబుల్‌కు తగిలించిన పెట్టెలు పదహారు. పనిలేని పెట్టెను ఆమె రాసిన ప్రోగ్రామ్ అయిదు నిమిషాలకోసారి నిద్రపుచ్చి లేపుతుంది. లేచిన పెట్టె ఎంత దూరంలో ఉందో, వెలుగు వెళ్ళొచ్చిన సమయాన్ని బట్టి తెర మీద పడుతుంది. గదిలో దీపాలూ పొదుపువే. ఎక్కడ మనిషి కదిలితే అక్కడివే వెలుగుతాయి.

ఆ రాత్రి తెర మీద పదిహేడో పెట్టె కనిపించింది. పంతొమ్మిది కిలోమీటర్ల దూరంలో. నిద్రపోయి లేచేసరికి తొమ్మిదికి వచ్చింది. మరోసారి లేచేసరికి ఒకటి.

సీనియర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, పదిహేడో పెట్టె ఎక్కడ పెట్టావ్?"

"మనం కొన్నవే పదహారు కదమ్మా," అని నవ్వాడతను. "ముందు నువ్వు నిద్రపో, పెట్టెల సంగతి తర్వాత."

"నిద్రపుచ్చిన ప్రతిసారీ దగ్గరికొస్తోందన్నా."

అవతల నవ్వు ఆగిపోయింది. "అయితే నిద్రపుచ్చకు."

ఆమె ప్రోగ్రామ్ ఆపేసింది. అప్పటికే అది ఇంకోసారి నిద్రపోయి లేచింది. నాలుగు మీటర్లు. ఆమె బల్లకీ తలుపుకీ మధ్య దూరం సరిగ్గా అంతే. ఇక దాన్ని నిద్రపుచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

కదలకుండా కూర్చుంది. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. కదిలే మనిషి లేకపోవడంతో దీపాలన్నీ ఆరిపోయాయి.

కాసేపటికి, తలుపు దగ్గరి దీపం ఒక్కటే మళ్ళీ వెలిగింది.