మోచేతి పట్టీ

"నువ్వు కట్టుకోరా. ఎలాగూ బెంచీ అరగదీసేవాడివేగా!" అంటూ మినోవా తన మోచేతి పట్టీ విప్పి తబాతా ఒళ్లో పడేశాడు.

తబాతా గతుక్కుమన్నాడు. విసిరే చేతిమీద ఎంత భారం పడుతోందో ఎప్పటికప్పుడు కోచ్ ఫోనుకి చేరవేసే పట్టీ అది. పాత విద్యార్థులు బడి బేస్‌బాల్ జట్టుకి కొనిచ్చింది ఒక్కటే. అది జట్టు నెత్తిన పెట్టుకునే మినోవా చేతికే.

"కోచ్‌కి తెలిస్తే తోలు తీస్తాడ్రా."

"పొడుగు చేతుల చొక్కాల్లో ఎవడికి కనిపిస్తుంది? పోయిన మ్యాచ్‌లో ఇది పసుపు రంగు చూపించిందని నన్ను మధ్యలో దింపేశాడు. కోషియెన్ జాతీయ పోటీకి వెళ్లే రాత ఎలాగూ లేదు. నది అవతలి బడితో ఈ పంతం మ్యాచ్ కూడా పోతే ఊళ్లో తలెత్తుకోలేం. దణ్ణం పెడతా!"

తబాతా మోచెయ్యి నిమురుకున్నాడు. కాసేపు ఆలోచించి కట్టుకున్నాడు.

బంతి విసిరేవాడు నిలబడే ఆ మట్టిదిబ్బ మీదే అతని ప్రాణమంతా. బడిలో చేరిన రోజు నుంచీ ఒక్కసారైనా పిలుస్తారని ఎదురుచూశాడు. ఎవరూ పిలవలేదు. చదువు చివరి ఏడు, ఇదే ఆఖరి మ్యాచ్.

ఆట చివరికొచ్చింది. తమ జట్టుకి ఒక్క పరుగు ఆధిక్యం, దిబ్బ మీద మినోవా. తబాతా లేచి, ప్రతి మ్యాచ్‌లోనూ చేసేట్టే కంచె పక్కన బంతులు విసరడం మొదలుపెట్టాడు. "అడక్కుండానే వీడి కసరత్తు!" అని బెంచీ మీద ఎవరో నవ్వారు.

ఉన్నట్టుండి కోచ్ ఫోను చేత్తో పట్టుకుని కేకేశాడు. "మినోవా! బయటికి రా!"

"నా చెయ్యి బ్రహ్మాండంగా ఉంది సార్!"

"నోర్ముయ్! ఎర్రగా చూపిస్తోంది. ఇంకొక్క బంతి వేస్తే నరం తెగుతుంది, ఇక జన్మలో బంతి పట్టలేవు. తబాతా, విసరడానికి సిద్ధంగా ఉన్నది నువ్వే, వెళ్లు!"

తబాతా కాళ్లు నేలమీద ఆనలేదు. దిబ్బ ఎక్కి చెయ్యి చాచాడు. మినోవా మాత్రం బంతి వదల్లేదు. అతని మొహం పాలిపోయింది.

"ఒరేయ్, అది నా చెయ్యి కాదురా, నీది! వెయ్యకు. పద, కోచ్‌కి నిజం చెప్పేస్తాను."

తబాతా అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి బంతి అందుకున్నాడు.

"నా చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసురా. తెలియకపోతే నీ పట్టీ ఎందుకు కట్టుకుంటాను?"