గుప్పెడు కొసరు

పలాసలో తవిటమ్మ జీడిపప్పు కొట్టుకి ఒక వెబ్‌సైటు ఉంది. దాన్ని ఇప్పుడు మనుషులెవరూ చూడరు. కొనేవాళ్ళ ఇళ్ళలోని మిషన్లే చూసి, బరువూ ధరా సరిపోల్చుకుని తెప్పించేస్తాయి. మిషన్లకి మొహాలెందుకని కోడలు నీలవేణి అందులోంచి అత్త ఫోటో, ఫోన్ నంబరూ ఏనాడో పీకేసింది.

ఏళ్ళ తరవాత ఈ ఉదయం కొట్టులోని కంప్యూటర్లో ఆ సైటులోంచి ఒక మనిషి గొంతు పలికింది.

"తవిటమ్మగారున్నారా?"

"నేనేనమ్మా. ఎవులూ?"

"విజయవాడ నుంచి వసుంధరనండీ. పదేళ్ళుగా మీ పప్పే తింటున్నాం. తూకం మీద మీరు వేసే గుప్పెడు కొసరు నిరుటి నుంచి రావట్లేదు. మీరు పోయారేమో అనుకున్నాం. కనుక్కుందామంటే ఇక్కడ ఫోటో లేదు, నంబరూ లేదు."

తవిటమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"బతికే ఉన్నానమ్మా. కొసరేస్తే తూకం తేడా వచ్చిందని మీ ఇంటి మిషనే ఎనక్కి పంపీసింది. అందుకే మానీసినాను."



"మాకు తెలీదండీ. ఎన్నిసార్లు పంపింది?"

"మూడుసార్లు. రెండుసార్లు మిషనే అనుకున్నాను. మూడోసారికి, మీకే అక్కర్నేదేమో అనుకున్నాను తల్లీ."