గైడే చెప్పాలె

"మేడం, గీ డబ్బా ఏందో అడుగుతాంది. ఏది నొక్కాలె?" అన్నాడు హమీద్, తెర మీంచి చూపు తిప్పకుండానే.

హరిత చెప్పబోయి గబుక్కున నోరు మూసుకుంది. చెప్పకూడదు. గైడు రాసినవాళ్లు పక్కన కూర్చోవచ్చు గానీ పెదవి విప్పకూడదు. చదివేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ రాసినవాళ్ల లోపం ఉన్నట్టు లెక్క. ఈ నియమం పెట్టింది ఎవరో కాదు, ఆవిడే.

"నేను చెప్పొద్దు సార్. గైడే చెప్పాలె. మీ చేతిలనే ఉన్నది, సూడుండ్రి."

హమీద్ నల్గొండలోని ఆ కాలేజీ ఆఫీసులో గుమాస్తా. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. హరిత అక్కడే కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసు కంప్యూటర్లలోకి పట్టుబట్టి ఎక్కించింది ఆవిడే. మెనూలన్నీ అచ్చ తెలుగులో పెట్టి మురిసిపోయింది. దానికి తెలుగు గైడు తయారుచేసే బాధ్యతా నెత్తికెత్తుకుంది. ఏ పాఠం ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి అని, ఆ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే తోటి వాలంటీర్లతో ఫోన్లో కొట్లాడి కొట్లాడి, "ఫైలు పోకుండా దాచుకోవడం" అన్నదాన్ని మొదటి పాఠం చేసింది. అది పనిచేస్తేనే మిగతావి రాయాలని ప్లాను.

పనిచేయకపోతే గైడు తిరగరాయొచ్చు. ఆవిడ భయం అందుకు కాదు. పొద్దున ప్రిన్సిపాల్ శైలజ అన్న మాటకు.

"ఇయ్యాళ మార్కుల లిస్టు గా గైడు చూసుకుంట ఆయననే చేయమనుండ్రి. సాయంత్రంకల్లా పంపాలె. చేసిండా, సీటు ఆయనదే. చేయలేదా, రేపటి సంది కొత్తగ వచ్చిన మనీష కూసుంటది. అన్నీ తెలుగుల పెట్టినంక గూడ రాకపోతె ఇగ నేనేం చేయాలె?"

పొద్దుటి నుంచి హమీద్ కొట్టిన మార్కులన్నీ తెర మీద ఉన్నాయి. ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు. పనంతా అయ్యాక, మూసేటప్పుడు చేయడం ఆయన పాత అలవాటు. ఇప్పుడు మూయబోయాడు. తెర నడుమ చిన్న డబ్బా లేచింది. అందులో మూడు బటన్లు. ఎడమ చివర "భద్రపరచవద్దు", నడుమ "రద్దు", కుడి చివర "భద్రపరచు".

హరిత చూపు ఆ మూడో బటన్ మీదికి పోయింది.

హమీద్ గైడు కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు. వరుసల కింద వేలు పెట్టి మెల్లగా జరుపుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా ఆయన నుదుటి మీద చెమట ఆరడం లేదు.

"మా ఇంటామె ఏదన్న అడిగితె అవునా కాదా అని రెండు తీర్లనే అడుగుతది మేడం. ఇది మూడు తీర్ల అడుగుతాంది" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

హరితకూ రాలేదు. బాణం కుడివైపు కదిలింది. అదే సార్, అదే, నొక్కుండ్రి అని లోపల్లోపల మొక్కుకుంది. బాణం అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ ఎడమకు బయల్దేరింది. అంత స్పష్టంగా, ఎర్రటి అక్షరాల్లో, "కుడివైపు ఉన్న భద్రపరచు నొక్కండి" అని రాసింది కదా. ఈ మనిషికి ఎందుకు ఎక్కడం లేదు?

దగ్గితే? దగ్గినా సైగ చేసినట్టే. అద్దం అవతల తన గదిలోంచి శైలజ ఇటే చూస్తోంది. ఇప్పుడు సాయం చేసినట్టు కనిపిస్తే, చేసి కూడా ఆయన ఫెయిలే.

"పాత దాంట్ల మొదటిదే నొక్కేటోన్ని" అని హమీద్ తనలో తాను గొణుక్కున్నాడు.

హరిత కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. వద్దు సార్. వద్దు.

నొక్కాడు. డబ్బా పోయింది. దాంతో పాటే మార్కులూ పోయాయి.

"అయిపాయె. దాసుకున్నట్టే గదా మేడం?"

ఇక ఏ నియమమూ ఆవిడను ఆపలేకపోయింది. "పోయింది సార్. మొత్తం పోయింది."

హమీద్ చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. అద్దం అవతల శైలజ కుర్చీలోంచి లేచింది. హరిత పెన్ను అందుకుని ఆయన పక్కకు వంగింది.

"ప్రిన్సిపాల్ మేడం వస్తాంది, జల్ది చెప్పుండ్రి సార్. తప్పు మీది కాదు, గైడుదే అని నేను చెప్త. ఏ మాట సమజ్ కాలే? భద్రపరచు అన్నదా? దాచు అని రాస్తె తెలిసేదా? ఏ ముక్కకాడ ఆగిండ్రు?"

హమీద్ తలుపు వైపు చూశాడు. మళ్లీ కాగితం వైపు చూశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"ఏ ముక్కని చెప్పాలె బిడ్డా" అన్నాడు, ఆవిడకు మాత్రమే వినబడేలా. "నేను సదివింది ఉర్దూ మీడియం. తెలుగు నోటికే గని కంటికి రాదు. కంప్యూటర్ల ఇంగ్లీషు ఉన్నన్ని దినాలు గా సంగతి ఎవ్వరికి తెల్వనియ్యలే."