టైలరమ్మ జవాబు

ఆసుపత్రి మంచం మీద పడుకున్న టైలరమ్మ దవడకి కట్టు కట్టి ఉంది. మొగుడు కొట్టిన దెబ్బకి ఎముక విరిగింది.

పాస్టరుగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ముప్పై ఏళ్ల పరిచర్యలో ఏ రోగి పక్కనా ఆయనకి మాట కరువవలేదు. ఇవాళ బైబిలు తెరిచి, చదవకుండానే మూసేశారు.

"పోలీసులకి నేను చెబుతానమ్మా," అన్నారు చివరికి.

ఆమె కంగారుగా తల అడ్డంగా ఊపింది. నర్సుని సైగతో కాగితం, పెన్ను అడిగి తీసుకుని, మెల్లగా రాసింది.

"వద్దు అయ్యగారూ. నేను ఏడుస్తూ వచ్చిన ప్రతిసారీ ఓర్చుకోమని చెప్పి పంపారు. ఈసారి ఓర్చుకోలేక ఎదురు మాట్లాడాను. తప్పు నాదే. నాకోసం ప్రార్థన చెయ్యండి."

"నీది కాదమ్మా, నాది," అనబోయారు ఆయన.

అప్పటికే ఆమె చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ఆయన ప్రార్థన కోసం ఎదురుచూస్తోంది.