ఎర్ర ఊలు ముడి

“ఏమయ్యా, నిన్నే! ఆ ఎర్ర స్వెట్టరు!”

ఆర్డిస్ కేకకి కంప్యూటర్ల కొట్టంతా ఉలిక్కిపడింది.

కౌంటరు ముందు పెద్ద అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డ ముసలాయన వెనక్కి తిరిగాడు. అమెరికాలోని బెమిడ్జీ ఊళ్లో ఆ కొట్టు పనివాళ్లంతా ఎరుపే తొడుక్కుంటారు.

“నన్నేనా అమ్మా?”

“ఇంకెవర్ని? ఇందాకట్నుంచి తిరుగుతున్నా, పలికే దిక్కు లేదు. నాకో కంప్యూటరు కావాలి. ఇవాళే పనిచెయ్యాలి.”

“ఇవాళేనా?”

“రేపు పొద్దున్న నా మునిమనవరాలికి గుండె ఆపరేషను. ఇంకా బొడ్డయినా ఊడలేదు దానికి. మినియాపొలిస్ ఆసుపత్రిలో ఉంది. పక్కన తల్లి ఒక్కతే. నా మనవరాలు కేలా. అదే ఇంకా చిన్నపిల్ల, నేనే పెంచాను. వెళ్దామంటే రోడ్లన్నీ మంచు. సాయంత్రం నర్సు కంప్యూటరు తెచ్చి పెడుతుందట. నీ ముఖం కనపడకపోతే నాకు ధైర్యం రాదు అమ్మమ్మా అని ఒకటే ఏడుపు.”

ముసలాయన కౌంటరు వైపు చూశాడు. లోపలికి వెళ్లిన అక్కడి అమ్మాయి ఇంకా రాలేదు.

“అదిగో, అది బావుంది. పలకలా సన్నగా ఉంది” అని ఆర్డిస్ వేలు చూపించింది.

“వద్దమ్మా. అక్షరాలు ఆనవు. గొంతు కూడా చిన్నది. ఆసుపత్రి గదిలో మిషన్ల మోత, మనిషి మాట వినపడదు.” చేతిలో పెట్టెని కాస్త పైకెత్తాడు. “ఇది తీసుకోండి. పెట్టె విప్పినదే, కానీ మంచిది.”

“డబ్బు?”

“ముందు పనిచెయ్యనివ్వండి. తర్వాత చూద్దాం. ఇల్లెక్కడ?”

అతను తన బండిలో ఆమె వెనకే వచ్చాడు.

టీవీతోపాటు ఎప్పుడో ఇంటికొచ్చిన ఇంటర్నెట్ తీగ సోఫా వెనక దుమ్ము కొట్టుకుని ఉంది. అతను మోకాళ్ల మీద కూర్చుని దాన్ని బయటికి లాగాడు.

ఆర్డిస్ మౌసుని చేత్తో పైకెత్తి, టీవీ రిమోట్‌లా తెర వైపు గురిపెట్టి నొక్కింది. ఏమీ కాలేదు.

“పాడుచేశానా?”

“లేదమ్మా. బల్ల మీద పెట్టి జరపాలి. మొదటిరోజు నేనూ ఇంతే.”

“నువ్వా! కొట్టులో పనిచేసేవాడివి!”

అతను చిన్నగా నవ్వాడు.

“చెయ్యి వణికి ఏదైనా నొక్కేస్తే?”

“నొక్కండి. పేలదు. తెర మీద ఒక్క పచ్చ బొమ్మే ఉంచాను, మిగతావి దాచేశాను. మీ మనవరాలి పిలుపు అందులోకే వచ్చేలా కలిపాను, అది మోగితే దాని మీద నొక్కండి, అంతే.”

అతను కిటికీ తెర లాగేశాడు. దీపాన్ని ఆమె ముఖానికి ఎదురుగా జరిపాడు.

“ఇంకా చీకటి పడలేదుగా, దీపమెందుకయ్యా?”

“వెలుగు వెనకుంటే మీరు నీడలా కనపడతారు. మంచం మీదున్నవాళ్లు భయపడతారు.”

తెర పైన, కెమెరా పక్కన, చిన్న ఎర్ర ఊలు ముడి అంటించి ఉంది.

“ఇదేమిటి?”

“గుర్తు. మాట్లాడేటప్పుడు దీన్ని చూడండి. కిందున్న ముఖాన్ని చూశారంటే, అవతలివాళ్లకి మీరు నేలచూపులు చూస్తున్నట్టుంటుంది.”

“అప్పుడు నాకు పిల్ల సరిగ్గా కనపడొద్దూ?”

“ఇవాళ పిల్లకి మీరు కనపడాలి కదమ్మా.”

ఆర్డిస్ కుర్చీని ముడికి ఎదురుగా జరుపుకుని అడిగింది.

“కాఫీ తాగుతావా?”

“వద్దులెండి.”

ఆ ఊళ్లో మొదటిసారి అడిగితే ఎవరూ తాగుతాననరు. మూడోసారి అడిగాకే కుర్చీ లాక్కుంటారు. ఆర్డిస్ రెండోసారి అడగబోతుండగా పచ్చ బొమ్మ మోగింది.

ఆర్డిస్ దాని మీద నొక్కింది.

“అమ్మమ్మా!” తెర నిండా కేలా. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. “నన్నే చూస్తున్నావే! పక్కనే కూర్చున్నట్టుంది!”

“పక్కనే ఉన్నానే పిచ్చిపిల్లా. తలైనా దువ్వుకోలేదేం? ఏదీ, నా బంగారాన్ని చూపించు.”

గొట్టాల మధ్య గుప్పెడంత ప్రాణం పిడికిలి విప్పింది. ఆర్డిస్ ఊలు ముడి మీంచి చూపు తిప్పకుండా, కేలాకి చిన్నప్పుడు పాడిన జోలపాట పాడింది. అక్కడ కేలా ఏడుపు మెల్లగా ఆగింది.

ముసలాయన వంటింటి సింకు దగ్గర ఇటు వీపుపెట్టి నిలబడ్డాడు. పాట అయ్యేసరికి లేడు. వాకిట్లో మంచు మీద బండి చక్రాల గుర్తులే ఉన్నాయి.

ఆపరేషను బాగా జరిగింది. మంచు కరిగేలోపే కేలా బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చింది. ఊలు ముడి కంటపడినప్పుడల్లా, ఆ మనిషి చల్లగా ఉండాలని ఆర్డిస్ అనుకునేది. కొట్టు నుంచి బిల్లు మాత్రం రాలేదు.

ఒకరోజు చెక్కూ, పళ్లెం నిండా లెమన్ బార్ మిఠాయిలూ పట్టుకుని తనే కొట్టుకి వెళ్లింది.

“మీ ఎర్ర స్వెట్టరు ముసలాయన్ని పిలువమ్మా. మళ్లీ ఒక్కసారే అడిగి ఊరుకోను, ఇవాళ కాఫీ తాగించే పంపిస్తాను.”

కౌంటరు అమ్మాయి తెల్లబోయింది. “మావి ఎర్ర గుడ్డకోట్లు, స్వెట్టర్లు కాదు అమ్మగారూ, పేరు కుట్టి ఉంటుంది. మేం ఇళ్లకి వెళ్లం... ఊలు స్వెట్టరా? పెద్ద పెట్టె పట్టుకుని నిలబడ్డాయనా?”

“ఆయనే!”

“ఆయన మా మనిషి కాదండీ. కొన్నది తిరిగిచ్చెయ్యడానికి వచ్చారు. మేనేజరు సంతకం కోసం నేను లోపలికెళ్లి వచ్చేసరికి, పెట్టె లేదు, ఆయనా లేరు.”

“పేరు?”

“అంతవరకు రానేలేదు. ఎందుకు తిరిగిస్తున్నారని అడగడం మా పద్ధతి. అదొక్కటే అడిగాను.”

“ఏమన్నాడు?”

అమ్మాయి పళ్లెం వైపు చూస్తూ మెల్లగా చెప్పింది.

“‘ఆసుపత్రిలో మా ఆవిడ ముఖం చూసుకోవడానికి కొన్నానమ్మా, మొన్న ఆదివారంతో ఆ అవసరం తీరిపోయింది’ అన్నారు.”