న్యాల్‌కల్ చుట్టాలు

ఆ రోజు తేజస్వి వంకాయ కూర మాడ్చేసింది. కారణం, చెన్నబసప్పగారి బర్రె ఈనడం.

చెన్నబసప్ప ఆమెకు చుట్టం కాదు, పక్కం కాదు. దగ్గర్లోని న్యాల్‌కల్ అనే పల్లెలో ఉండే రిటైర్డ్ టీచరు. బ్లాగు రాస్తాడు. పొలం, బర్రె, భార్య మహాదేవమ్మ, ఆవిడ పెట్టే చీవాట్లు, అదే ఆయన సరుకంతా.

“మాడు వాసన పక్కూరు చిరాగ్‌పల్లి దాకా వస్తోంది,” అన్నాడు ప్రవీణ్, ఫ్యాక్టరీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ.

“ఉండండి, ఆడదూడట!” తేజస్వి ఫోను చూసి చదివి వినిపించింది. “‘జున్ను మా మహాదేవమ్మ వాడంత పంచింది. నాకు మటుకు గిన్నె నాకుమని ఇచ్చింది.’” చదివి పడి పడి నవ్వింది.

“నాకన్నా ఆ ముసలాయనే ఎక్కువైపోయాడు నీకు,” అన్నాడు ప్రవీణ్. మాడిన కూరే కలుపుకుని తిన్నాడు.

తప్పు అతనిదే. పెళ్ళై పిఠాపురం నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో తేజస్వి రోజూ ఏడ్చేది. ఇక్కడ తెలిసినవాళ్ళు లేరు, ఎవరితోనూ మాట కలవదు. సూట్‌కేసు గుమ్మం పక్కనే పెట్టుకుని కూచునేది. చూడలేక ప్రవీణే ఆమె ఫోనులో ఫీడ్ రీడర్ పెట్టాడు. నచ్చిన బ్లాగులన్నీ అందులో చేర్చుకుంటే చాలు, ఎవరు కొత్తగా ఏం రాసినా అదే తెచ్చి ముందు పడేస్తుంది.

ఇంకేముంది! వంటల బ్లాగులు, మొక్కల బ్లాగులు, ఎక్కడో కొండలెక్కేవాళ్ళ బ్లాగులు. కుక్కర్ కూతలు లెక్క తప్పేవి. బండి దగ్గర బెండకాయలు ఏరుతూ ఏరుతూ ఆగిపోయి చదివేది. బండతను “అమ్మా, జర జల్ది!” అని మొత్తుకునేవాడు. చదవనివి ఇన్ని మిగిలాయని చూపించే అంకె కనబడితే ఆమెకు నిద్ర పట్టేది కాదు. అయితే ఏంలెండి, ఏడుపు మానేసింది. సూట్‌కేసు అటక మీదకి చేరింది.

అన్నిట్లోకీ ఆమె ప్రాణం మాత్రం చెన్నబసప్ప బ్లాగే.

ఒకరోజు ఆయన, మహాదేవమ్మ ఆవ పెట్టి పనసపొట్టు కూర చేసిందని రాశాడు. తేజస్వి ఎగిరి గంతేసి, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు అనంతమ్మకు చూపించింది.

“పనసపొట్టా? గా న్యాల్‌కల్‌ల?” అనంతమ్మ ముక్కున వేలేసుకుంది. “నాకు బుద్ధెరిగిన కాన్నుంచి ఈ దిక్కు ఎవ్వలు చెయ్యంగ చూడలే బిడ్డా. జర మల్ల చదువు.”

తేజస్వి మనసు చివుక్కుమంది. ఆ సంగతి ప్రవీణ్ దగ్గర గొణుక్కుంది. ‘అది మా పిఠాపురం కూరండీ, మీకెలా తెలుసు?’ అని బ్లాగు కింద కామెంటు కూడా పెట్టింది. మర్నాడే జవాబొచ్చింది.

‘మా చిన్నకోడలు మీ దిక్కు పిల్లనే బిడ్డా. సెలవులకొచ్చి వండింది. కూర గామెది, పేరు మహాదేవమ్మది.’

“చూశారా ఆంటీ!” అంటూ కిందకి పరుగెత్తింది తేజస్వి.

అక్కడితో ఆగితే బాగుండేది. “ఈ ఆదివారం న్యాల్‌కల్ వెళ్తున్నాం,” అంది ఓ పూట.

ప్రవీణ్‌కు మజ్జిగ పొలమారింది. “ముక్కూ మొహం తెలీనివాళ్ళింటికా?”

“తెలీకపోవడమేంటండీ? ఈ ఊళ్ళో నాకున్నదే వాళ్ళు.”

ఎండలన్నాడు. బండి సర్వీసింగన్నాడు. ఆదివారం డ్యూటీ పడొచ్చన్నాడు. ఆమె వింటేనా! మహాదేవమ్మ కోసం జాకెట్ ముక్క, పసుపు కుంకుమ కొనిపెట్టుకుంది. వస్తున్నామని కామెంటూ పెట్టేసింది.

శనివారం పొద్దున చెన్నబసప్ప రాశాడు. ‘మేం ఇద్దరం పండరిపురం పోతున్నం. ఇంటికి తాళం. ఎప్పుడొస్తమో ఆ విఠలునికే ఎరుక.’

తేజస్వి భోరుమంది. “నేనొస్తున్నానని తెలిసే వెళ్ళిపోయారు. నేనంటే వాళ్ళకి లెక్కే లేదు.”

ఆ తర్వాత ఫీడ్‌లో చెన్నబసప్ప లేడు. వంటలు, మొక్కలు, కొండలు కుప్పలు పడ్డాయి. ఆమె తెరిచి కూడా చూడలేదు. కూరలు మాడడం లేదు. అయినా ప్రవీణ్‌కు ముద్ద దిగలేదు.

గురువారం అతను ఇంటికొచ్చేసరికి సూట్‌కేసు అటక దిగి ఉంది.

“అమ్మ దగ్గరికి వెళ్తానండీ.”

“మళ్ళీ ఎప్పుడొస్తావు?”

“తెలీదు. ఇక్కడ నాకెవరున్నారు చెప్పండి?”

ప్రవీణ్ సూట్‌కేసుకు అడ్డంగా నిలబడ్డాడు. “వాళ్ళు తిరిగి రానీ తేజూ. నేనే తీసుకెళ్తాను. ఒట్టు!”

మర్నాడు ఉదయం వంటింట్లోంచి కేక. “ఏవండీ! వచ్చేశారు!”

‘నిన్ననే ఇల్లు చేరినం. మమ్ముల చూస్త అన్న బిడ్డ యాదికొచ్చి మహాదేవమ్మ ఆడ ఉండలేకపోయింది. ఆదివారం రా తల్లీ. జొన్నరొట్టెలు చేసి పెడ్తది.’

తేజస్వి ఏడుస్తూనే నవ్వింది. సూట్‌కేసులోంచి పట్టుచీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది. కిందకెళ్ళి అనంతమ్మకు చెప్పి, పైకొచ్చి ప్రవీణ్‌కు మళ్ళీ చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ప్రవీణ్ ప్లేటు ముట్టలేదు. న్యాల్‌కల్ నుంచి డ్యూటీకి వచ్చే సుదర్శన్ కోసం వెతికాడు. అన్నం తింటున్నవాణ్ణి లేపి ఓ మూలకు లాక్కెళ్ళాడు.

“ఈ ఆదివారం ఒక్క పూట నా బ్లాగులోని చెన్నబసప్ప, మహాదేవమ్మ అయిపోవడానికి మీ ఊళ్ళో ముసలి దంపతులెవరైనా ఒప్పుకుంటారా అన్నా?”